మనిషి మారినా మెయిల్ ఆగకూడదంటే: యూనిక్స్ సర్వర్‌లో అలియాస్‌లు పెట్టుకోవడం ఎలా

పలాసలో జీడిపప్పు వ్యాపారులకి ఆర్డర్లు కొన్ని ఫోన్‌లో వస్తాయి, కొన్ని వాట్సాప్‌లో, కొన్ని మెయిల్‌లో. విజిటింగ్ కార్డు మీద, బిల్లుబుక్కు మీద అచ్చువేసిన మెయిల్ ఐడీ చాలాచోట్ల అప్పట్లో ఆఫీసులో కంప్యూటర్ చూసిన కుర్రాడి పేరు మీదే ఉంటుంది. ఆ కుర్రాడికి విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో మంచి ఉద్యోగం దొరుకుతుంది. వెళ్తాడు, వెళ్లాలి కూడా. ఆర్డర్లు మాత్రం అతని మెయిల్‌బాక్స్‌లోనే పడుతూ ఉంటాయి. కొన్నాళ్లకి యజమాని ఫోన్ చేసి "బాబూ, మా ఆర్డర్ మెయిల్ ఏటైపోనాది?" అని అడిగితే సర్వర్ చూసేవాళ్ల దగ్గర జవాబుండదు. మెయిల్ ఎక్కడికీ పోలేదు. చూడాల్సిన మనిషి దగ్గరికి వెళ్లలేదు, అంతే.

దీనికి మందు యూనిక్స్ మెయిల్ సర్వర్లలో నలభై ఏళ్లకు పైగా ఉంది. అదే అలియాస్. సొంతంగా మెయిల్‌బాక్స్ లేని ఒక పేరు, ఆ పేరుకి వచ్చిన మెయిల్‌ని ఎవరికి ఇవ్వాలో చెప్పే ఒక వరుస. శ్రీకాకుళంలోనో, ఆమదాలవలసలోనో, టెక్కలిలోనో ఒక కాలేజీకో సహకార సంఘానికో చిన్న వ్యాపారానికో సొంత మెయిల్ సర్వర్ చూసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లైనక్స్ టెర్మినల్‌లో ఫైలు తెరిచి మార్చడం వస్తే చాలు.

ఒక సంగతి ముందే చెప్పాలి. కమాండ్లు, ఫైలు పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. కీబోర్డు మీద మాత్రం అవన్నీ ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే కొట్టాలి. హైఫన్ పక్కన "క్యూ" అని ఉంటే ఆ ఒక్క అక్షరమే అని అర్థం. డొమైన్ కావలసినచోట ఎగ్జాంపుల్.కామ్ అని వాడాను. అది ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన పేరు, దాని బదులు మీ డొమైన్ వేసుకోండి.

మొదటి మెట్టు: నడుస్తున్నది ఏ సర్వరో తెలుసుకోండి

సెండ్‌మెయిల్, ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ మూడూ మెయిల్ సర్వర్ ప్రోగ్రాంలు. సెండ్‌మెయిల్‌ని ఎరిక్ ఆల్‌మన్ బర్కిలీలో రాశారు. ఎగ్జిమ్‌ని ఫిలిప్ హేజెల్ కేంబ్రిడ్జిలో 1995లో మొదలుపెట్టారు. పోస్ట్‌ఫిక్స్‌ని వీట్సె వెనెమా ఐబీఎంలో రాస్తే 1998లో బయటికి వచ్చింది. తర్వాత వచ్చిన రెండూ సెండ్‌మెయిల్ అలియాస్ ఫైలు పద్ధతినే ఉంచాయి, "సెండ్‌మెయిల్" అనే కమాండునూ ఉంచాయి. అందుకే ఆ కమాండు పనిచేసింది కదా అని సర్వర్ సెండ్‌మెయిలే అనుకోకండి. రూట్‌గా (సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న ఖాతాతో) ఇది కొట్టి చూడండి:

ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ

మెయిల్ లోపలికి వచ్చే తలుపైన 25వ పోర్టు మీద వింటున్న ప్రోగ్రాం పేరు కనిపిస్తుంది. అక్కడ "మాస్టర్" అని ఉంటే అది పోస్ట్‌ఫిక్స్. ఎగ్జిమ్, సెండ్‌మెయిల్ అయితే వాటి పేర్లతోనే కనబడతాయి. ఇప్పుడు కొత్తగా పెట్టే చిన్న సర్వర్లలో ఎక్కువగా చూసేది పోస్ట్‌ఫిక్సే కాబట్టి దాన్నే ముందు పెట్టుకుని చెబుతాను, తేడా ఉన్నచోట మిగతావి చెబుతాను.

పోస్ట్‌ఫిక్స్ అయితే ఇది కూడా కొట్టండి:

పోస్ట్‌కాన్ఫ్ అలియాస్_మ్యాప్స్ అలియాస్_డేటాబేస్

మొదటిది మెయిల్ ఇచ్చేటప్పుడు సర్వర్ చూసే పట్టిక. రెండోది మనం న్యూఅలియాసెస్ అనే కమాండు కొట్టినప్పుడు కొత్తగా తయారయ్యే పట్టిక. మామూలుగా రెండూ ఒకే ఫైలు చూపిస్తాయి. ఎవరో ఎప్పుడో ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేస్తే మీరు ఎన్నిసార్లు మార్చినా సర్వర్ పాతదే చదువుతూ ఉంటుంది. పాత సర్వర్ ఎవరి దగ్గర నుంచైనా చేతికి వచ్చినప్పుడు ఈ ఒక్క తనిఖీ తప్పకుండా చేయండి.

రెండో మెట్టు: ఫైలు తెరిచే ముందు నకలు తీయండి

లైనక్స్‌లో ఫైలు సాధారణంగా /ఈటీసీ/అలియాసెస్ దగ్గర ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీలలో /ఈటీసీ/మెయిల్/అలియాసెస్. తేదీ పేరులో పెట్టి ఒక నకలు తీసుకోండి. ఇంకా మంచిది, ఆ ఫైలుని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాంలో) పెట్టుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్నది ఆరు నెలల తర్వాత గుర్తుండదు. ఫైలు యజమాని రూట్ అయి ఉండాలి, మిగతావాళ్లకి రాసే హక్కు ఉండకూడదు. ఈ ఫైలు మార్చగలిగినవాడు ఆఫీసులో ఎవరి మెయిల్ నైనా తన దగ్గరికి మళ్లించుకోగలడు.

వరుస ఇలా ఉంటుంది:

ఆర్డర్స్: నాయుడు, సుజాత

ఎడమవైపు అలియాస్ పేరు, తర్వాత కోలన్, కుడివైపు చేరాల్సినవాళ్లు, మధ్యలో కామాలు. నాయుడు, సుజాత ఉదాహరణకి తీసుకున్న ఖాతా పేర్లు. ఎడమవైపు @ గుర్తు, డొమైన్ రాయకూడదు. కుడివైపు ఇదే సర్వర్‌లో ఉన్న ఖాతా పేరు రాయొచ్చు, బయటి పూర్తి అడ్రసు రాయొచ్చు, ఇంకో అలియాస్ పేరూ రాయొచ్చు. వరుస పొడవైతే కింది వరుసని ఖాళీతో మొదలుపెట్టండి, పై వరుసకి కొనసాగింపుగా చదువుతుంది. దీన్లోనే ఒక ఉచ్చు ఉంది. కొత్త అలియాస్ రాస్తూ పొరపాటున ముందు ఒక ఖాళీ కొడితే అది పై అలియాస్‌లో కలిసిపోతుంది. # తో మొదలైన వరుస మనుషులు చదువుకోవడానికి, సర్వర్ పట్టించుకోదు.

ఆ # వరుసలని ధారాళంగా వాడండి. నేను ప్రతి అలియాస్ పైన మూడు సంగతులు రాయమంటాను: అడిగింది ఎవరు, ఏ తేదీన, ఏ పని కోసం. ఉదాహరణకి:

# ఎగుమతి విచారణలు. మేనేజర్ గారు అడిగారు, 12-06-2024. కార్డు మీద అచ్చయింది.
ఎక్స్‌పోర్ట్: సుజాత, నాయుడు

ఆ చివరి మాట ముఖ్యం. కార్డు మీదో బోర్డు మీదో అచ్చయిన అలియాస్‌ని తీసేయడం, ఎవరికీ తెలియని అలియాస్‌ని తీసేయడం ఒకటి కాదు.

ఇంకో నియమం. సర్వర్ ముందు అలియాస్ ఫైలు చూస్తుంది, తర్వాతే ఖాతాలు చూస్తుంది. నాయుడు అనే ఖాతా ఉండగా నాయుడు అనే అలియాస్ కూడా రాస్తే మెయిల్ ఖాతాకి చేరదు, అలియాస్ చెప్పినచోటికి పోతుంది. ఎవరికైనా మెయిల్ "అసలు రావడం లేదు" అంటే వాళ్ల పేరుతో ఈ ఫైల్లో ఏమైనా ఉందేమో ముందు వెతకండి.

మూడో మెట్టు: రూట్, పోస్ట్‌మాస్టర్ ఎవరో ఒక మనిషికి చేరాలి

కొత్త సర్వర్‌లో అన్నింటికంటే ముందు రాయాల్సిన వరుస ఇది:

రూట్: నాయుడు

క్రాన్ పనులు (వేళకి వాటంతట అవే నడిచేవి) చెడిపోయినప్పుడు, డిస్కు తప్పులు వచ్చినప్పుడు సర్వర్ రాసే ఉత్తరాలు రూట్‌కి వెళ్తాయి. రూట్ మెయిల్‌బాక్స్‌ని ఎవరూ తెరవరు. సర్వర్ ఎన్నాళ్లుగానో చెబుతూనే ఉన్నా వినేవాళ్లు లేక బ్యాకప్పులు ఆగిపోయిన ఆఫీసులు ఉంటాయి.

తర్వాత పోస్ట్‌మాస్టర్. మెయిల్ తీసుకునే ప్రతి డొమైన్‌కీ ఈ పేరు పనిచేసి తీరాలని మెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతోంది. ఎబ్యూస్, వెబ్‌మాస్టర్, హోస్ట్‌మాస్టర్, ఇన్ఫో, సేల్స్, సపోర్ట్ లాంటి పేర్లు ఏ పనికి వాడాలో 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2142లో ఉంది. అన్నీ పెట్టక్కర్లేదు. ఎబ్యూస్ మాత్రం పెట్టండి. మీ సర్వర్ నుంచి స్పామ్ పోతోందని బయటివాళ్లు మర్యాదగా చెప్పాలనుకుంటే రాసేది ఆ అడ్రసుకే. అది పనిచేయకపోతే చెప్పడం మానేసి నేరుగా బ్లాక్ చేస్తారు.

నాలుగో మెట్టు: పేర్లు ఎలా పెట్టాలి

బయటికి చెప్పే ప్రతి అడ్రసూ పని పేరుతో ఉండాలి. ఆర్డర్స్, ఎకౌంట్స్, అడ్మిషన్స్, ప్రిన్సిపాల్, స్టోర్. మనిషి పేరు కుడివైపే ఉండాలి. పలాస కుర్రాడి విషయంలో జరిగేది కాలేజీల్లోనూ జరుగుతుంది. ప్రిన్సిపాల్ రిటైర్ అవుతారు, పరీక్షల విభాగం చూసే మేష్టారు ఇంకో కాలేజీకి బదిలీ అవుతారు. యూనివర్సిటీ సర్క్యులర్ మాత్రం ఆగకుండా కుర్చీలో ఉన్నవాళ్లకి చేరాలి.

కుడివైపు ఒక్కరినే పెడితే ఆ ఒక్కరు సెలవులో ఉన్నప్పుడు పని ఆగుతుంది. ఐదుగురిని పెడితే ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చూశారనుకుంటారు, ఎవరూ జవాబివ్వరు. ఇద్దరు సరైన లెక్క అని నా అభిప్రాయం: జవాబు చెప్పాల్సినవాళ్లు ఒకరు, గమనించేవాళ్లు ఒకరు. మొదటి పేరు బాధ్యులది అని ఆఫీసంతా ఒప్పుకుంటే, ఆ వరస తప్పకుండా ఫైల్లో రాసుకుంటే సరిపోతుంది.

మన పేర్ల స్పెల్లింగుల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్ల సర్వర్లలో అలియాస్‌లకి ఇది పెద్ద పని. లక్ష్మి అని ఇంగ్లీషులో రాయమంటే ఒకరు కె, ఎస్, హెచ్ పెడతారు, ఇంకొకరు ఎక్స్‌తో సరిపెడతారు. శ్రీకాకుళంలోని శ్రీకి ఒక ఐ పెట్టేవాళ్లు, రెండు ఈలు పెట్టేవాళ్లు ఉన్నారు. విజయనగరం బ్రాంచి పేరుతో అడ్రసు ఉందనుకోండి, ప్రభుత్వం జడ్‌తో రాస్తుంది, జనంలో కొందరు జెతో రాస్తారు. ఫోన్లో అడ్రసు చెప్పినప్పుడు అవతలివాళ్లు వాళ్లకి అలవాటైన తీరులో రాసుకుంటారు. అందుకని పేరుకి జనం రాసే రెండు మూడు రకాల స్పెల్లింగులనీ అలియాస్‌లుగా పెట్టి అన్నింటినీ అసలు ఖాతాకి మళ్లించండి. పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాకి వేరే అలియాస్ అక్కర్లేదు, రెండూ ఒకటిగానే చూస్తుంది. చుక్క మాత్రం లెక్కకి వస్తుంది. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకటే, మీ సర్వర్‌లో అవి రెండు వేరు పేర్లు.

స్పెల్లింగు అలియాస్‌లని సీరియస్‌గా తీసుకోండి. తప్పు స్పెల్లింగుకి వెళ్లిన మెయిల్ తిరుగుటపాలో పోతుంది. పంపినవాళ్లలో కొందరే మళ్లీ అడుగుతారు. మిగతావాళ్లు ఇంకో షాపు చూసుకుంటారు.

ఐదో మెట్టు: పట్టిక తయారుచేసి, పరీక్షించండి

ఫైలు సేవ్ చేసినంత మాత్రాన సర్వర్‌కి తెలియదు. పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్ చదివేది ఆ ఫైలు నుంచి తయారైన డేటాబేస్‌ని. అందుకని మార్చిన ప్రతిసారీ రూట్‌గా:

న్యూఅలియాసెస్

ఏమీ చెప్పకుండా తిరిగొస్తే బాగున్నట్టు. పోస్ట్‌ఫిక్స్‌లో తప్పు వరుస ఉంటే ఏ వరుసో నంబరుతో హెచ్చరిస్తుంది. ఒకే పేరు రెండుసార్లు రాసినా చెబుతుంది. ఈ హెచ్చరికలని చదవకుండా వదలొద్దు. సర్వర్‌ని రీస్టార్ట్ చేయాల్సిన పని లేదు. డెబియన్‌లో వచ్చే ఎగ్జిమ్ అయితే మామూలు అమరికలో అలియాస్ ఫైలుని నేరుగా చదువుతుంది, దానికి ఈ కమాండు అవసరమే లేదు.

ఇప్పుడు పట్టికని అడగండి:

పోస్ట్‌అలియాస్ -క్యూ ఆర్డర్స్ /ఈటీసీ/అలియాసెస్

జవాబుగా నాయుడు, సుజాత అని రావాలి. ఇది ఒక్క మెట్టు వరకే చూపిస్తుంది. కుడివైపు ఇంకో అలియాస్ ఉంటే దాన్ని మళ్లీ విడిగా అడగాలి. ఎగ్జిమ్‌లో "ఎగ్జిమ్ -బీటీ" తర్వాత అడ్రసు రాస్తే చివరిదాకా విప్పి చూపిస్తుంది. సెండ్‌మెయిల్‌లో "సెండ్‌మెయిల్ -బీవీ" ఆ పని చేస్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో కూడా -బీవీ ఉంది, కాకపోతే జవాబు తెర మీద రాదు, మీకు మెయిల్‌గా వస్తుంది.

తర్వాత నిజంగా ఒక మెయిల్ పంపండి, అదీ బయటి ఖాతా నుంచి. సర్వర్ మీద కూర్చుని సర్వర్‌కే పంపుకుంటే సగం పరీక్షే అవుతుంది. పంపాక లాగ్ చూడండి. డెబియన్, ఉబుంటులలో /వార్/లాగ్/మెయిల్.లాగ్ (కొత్త డెబియన్‌లో ఆ ఫైలు లేకపోతే జర్నల్‌సీటీఎల్ కమాండుతో చూడాలి), రెడ్‌హ్యాట్ కుటుంబంలో /వార్/లాగ్/మెయిల్‌లాగ్. అలియాస్‌లో బయటి అడ్రసు ఉంటే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో మీ అలియాస్ పేరున్న వరుస చివర "స్టేటస్=సెంట్" అని, దాని పక్కన "ఫార్వర్డెడ్ యాజ్" అంటూ కొత్త క్యూ (పంపాల్సిన మెయిల్స్ ఆగే వరస) నంబరు కనిపిస్తుంది. పని అయిపోయిందని అక్కడ ఆగొద్దు. ఆ మాటకి అర్థం, మెయిల్‌కి కొత్త నంబరు ఇచ్చి బయటికి పంపడానికి పెట్టాననే. ఆ కొత్త నంబరుతో మళ్లీ వెతకండి. అక్కడ "టూ=" దగ్గర అసలు చేరే అడ్రసు, "ఆరిగ్_టూ=" దగ్గర మొదట వచ్చిన అలియాస్ పేరు, చివర అవతలి సర్వర్ చెప్పిన జవాబు ఉంటాయి. ఆ జవాబే చూడాల్సింది. "పంపాను, రాలేదంటున్నారు" అనే తగాదాలు చాలావరకు ఆ రెండో వరుస దగ్గరే తేలిపోతాయి.

అలియాస్ పేరే సర్వర్‌కి తెలియకపోతే పంపినవాళ్లకి 550 5.1.1 అనే కోడ్‌తో తిరిగి వస్తుంది. న్యూఅలియాసెస్ కొట్టడం మర్చిపోయారనడానికి ఇదే మొదటి గుర్తు.

ఆరో మెట్టు: సిబ్బంది మొత్తానికి ఒక పేరు

ఇరవై ముప్ఫై మందిని ఒకే వరుసలో రాయొద్దు. అడ్రసుల్ని వేరే ఫైల్లో, వరుసకి ఒకటి చొప్పున రాసుకుని, అలియాస్‌లో దాన్ని చూపించండి:

స్టాఫ్: :ఇన్‌క్లూడ్:/ఈటీసీ/మెయిల్‌లిస్ట్స్/స్టాఫ్
ఓనర్-స్టాఫ్: నాయుడు

ఇన్‌క్లూడ్ ఫైలుని సర్వర్ మెయిల్ ఇచ్చే ప్రతిసారీ చదువుతుంది కాబట్టి దాన్లో పేర్లు మార్చినప్పుడు న్యూఅలియాసెస్ అక్కర్లేదు. రెండో వరుసని చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. ఓనర్ అనే ముందు మాటతో అలియాస్ ఉంటే, జాబితాలో ఎవరి మెయిల్‌బాక్స్ అయినా నిండిపోయి తిరుగుటపా వచ్చినప్పుడు అది పాపం మెయిల్ రాసిన మేడంకి పోకుండా జాబితా చూసేవాళ్లకి వస్తుంది. చెడిపోయిన అడ్రసు ఏదో మీకు తెలిసేది కూడా దాంతోనే.

ఇలాంటి పేరు పెట్టగానే ప్రపంచంలో ఎవరైనా దానికి రాయొచ్చు. ఒక్క స్పామ్ ముప్ఫై మందికి పోతుంది. పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి అడ్డు వేయడం తేలిక. పోస్ట్‌ఫిక్స్ అమరికల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో ఎస్‌ఎంటీపీడీ_రెసిపియెంట్_రిస్ట్రిక్షన్స్ అనే చోట ముందు పర్మిట్_మైనెట్‌వర్క్స్ (సొంత నెట్‌వర్క్‌ని వదిలేది), పర్మిట్_ఎస్‌ఏఎస్‌ఎల్_అథెంటికేటెడ్ (లాగిన్ అయినవాళ్లని వదిలేది) ఉండాలి. వాటి తర్వాత చెక్_రెసిపియెంట్_యాక్సెస్ పెట్టి ఒక చిన్న పట్టిక చూపించండి. ఆ పట్టికలో స్టాఫ్@ఎగ్జాంపుల్.కామ్ పక్కన "రిజెక్ట్" అని రాసి, ఆ పట్టికని డేటాబేస్‌గా మార్చే పోస్ట్‌మ్యాప్ అనే కమాండు కొట్టండి. మెయిన్.సీఎఫ్ మార్చారు కాబట్టి ఈసారి పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ కూడా కావాలి. లాగిన్ అయి పంపే మనవాళ్ల మెయిల్ పోతుంది, బయటివాళ్లది గుమ్మం దగ్గరే ఆగుతుంది. వరస తప్పితే మనవాళ్లే ఆగిపోతారు, చూసుకోండి.

ఏడో మెట్టు: ఒకే సర్వర్‌లో రెండు డొమైన్లు ఉంటే

శ్రీకాకుళంలో ఒకే సర్వర్ మీద ఒక కాలేజీ, ఒక బట్టల వ్యాపారం రెండింటి మెయిల్ నడుస్తోందనుకోండి. ఇద్దరికీ ఇన్ఫో కావాలి. /ఈటీసీ/అలియాసెస్‌లో డొమైన్ ఉండదు కాబట్టి అక్కడ ఇన్ఫో ఒక్కటే. పొందూరు చీర ధర అడిగిన ఉత్తరం కాలేజీ అడ్మిషన్ల వాళ్లకి చేరుతుంది. ఇక్కడ వాడాల్సింది వర్చువల్ అలియాస్ పట్టిక, సాధారణంగా /ఈటీసీ/పోస్ట్‌ఫిక్స్/వర్చువల్:

ఇన్ఫో@కాలేజీడొమైన్ సుజాత
ఇన్ఫో@బట్టలడొమైన్ నాయుడు

ఇక్కడ పూర్తి అడ్రసు రాస్తాం, మధ్యలో కోలన్ ఉండదు, ఖాళీ మాత్రమే. అలవాటు కొద్దీ కోలన్ పెట్టడం, లేదా ఇది మార్చి న్యూఅలియాసెస్ కొట్టడం తరచూ జరిగే పొరపాట్లు. దీనికి కొట్టాల్సింది:

పోస్ట్‌మ్యాప్ /ఈటీసీ/పోస్ట్‌ఫిక్స్/వర్చువల్

మెయిన్.సీఎఫ్‌లో వర్చువల్_అలియాస్_మ్యాప్స్ ఈ ఫైలుని చూపిస్తూ ఉండాలి. డొమైన్ పేరుని మైడెస్టినేషన్‌లో (సర్వర్ తనవిగా తీసుకునే డొమైన్ల జాబితాలో) గానీ వర్చువల్_అలియాస్_డొమైన్స్‌లో గానీ ఒక్కచోటే రాయండి, రెండింట్లో రాస్తే లాగ్ నిండా హెచ్చరికలే.

ఈ పట్టికలో ఎడమవైపు పేరు లేకుండా @ఎగ్జాంపుల్.కామ్ అని రాస్తే ఆ డొమైన్‌కి ఏ పేరుతో వచ్చినా ఒకరికే చేరుతుంది. "ఒక్క మెయిల్ కూడా పోకూడదు" అనే యజమానులు ఇది అడుగుతారు. ఒప్పుకోకండి. స్పామ్ పంపేవాళ్లు నోటికొచ్చిన పేర్లన్నీ ప్రయత్నిస్తారు, అన్నీ చేరతాయి, రెండు వారాలకి అసలు ఆర్డర్లు ఆ చెత్తలో కనబడవు. స్పెల్లింగు అలియాస్‌లు పెడితే వాళ్ల భయం చాలావరకు తీరుతుంది.

జీమెయిల్‌కి మళ్లించమంటే

ఈ కోరిక రాని ఆఫీసు ఉండదు. అలియాస్‌కి కుడివైపు జీమెయిల్ అడ్రసు రాస్తే పని అవుతుంది, కానీ సాఫీగా కాదు. బ్యాంకు నుంచి వచ్చిన మెయిల్‌ని మీ సర్వర్ గూగుల్‌కి పంపినప్పుడు గూగుల్‌కి కనబడేది మీ సర్వర్ ఐపీ అడ్రసు. బ్యాంకు తన ఎస్‌పీఎఫ్ రికార్డులో (తన పేరుతో మెయిల్ పంపే హక్కున్న సర్వర్ల జాబితాలో) తన సర్వర్లనే రాసుకుంటుంది, మీది ఉండదు. కాబట్టి ఎస్‌పీఎఫ్ పరీక్ష తప్పుతుంది. మెయిల్‌ని ఏమీ మార్చకుండా పంపితే డీకిమ్ సంతకం (పంపిన డొమైన్ మెయిల్‌కి వేసే డిజిటల్ ముద్ర) నిలుస్తుంది, అది ఉన్న మెయిల్ గట్టెక్కుతుంది. పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్ అయినా డీకిమ్ అయినా ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతోంది. అందుకే రెండూ లేకుండా మళ్లించిన మెయిల్ వెనక్కి రావడం మామూలైంది. పంపినవారి అడ్రసుని మీ డొమైన్‌లోకి తిరగరాసే ఎస్‌ఆర్‌ఎస్ అనే పద్ధతి ఉంది. పోస్ట్‌ఫిక్స్‌కి పోస్ట్‌ఎస్‌ఆర్‌ఎస్‌డీ అనే ప్రోగ్రాం పెట్టి చేస్తారు. దాంతో ఎస్‌పీఎఫ్ సమస్య తీరుతుంది. మీకు వచ్చిన స్పామ్‌ని కూడా మీరే గూగుల్‌కి మోసుకెళ్తున్నారన్న సమస్య తీరదు. కొన్నాళ్లకి మీ ఐపీ మీదే మచ్చ పడుతుంది.

నా సలహా ఒక్కటే. మళ్లించే బదులు వాళ్ల ఫోన్‌లో మెయిల్ యాప్ తెరిచి మీ సర్వర్ ఖాతాని ఐమ్యాప్‌తో (మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచి చూపించే పద్ధతితో) కలిపి ఇవ్వండి. పది నిమిషాల పని. "జీమెయిల్‌లో చూసుకుంటానండీ" అన్నవాళ్లకి నిజంగా కావలసింది ఫోన్‌లో కనబడటమే.

ప్రోగ్రాంకి పంపడం, పారేయడం

అలియాస్ కుడివైపు ఫైలు పేరో, నిలువు గీత పెట్టి ప్రోగ్రాం పేరో కూడా రాయొచ్చు. ఫిర్యాదుల మెయిల్‌ని టికెట్ సాఫ్ట్‌వేర్‌లోకి పంపడానికి ఇది వాడతారు. ప్రోగ్రాంకి ఆర్గ్యుమెంట్లు ఉంటే మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. అలియాస్ ఫైలు రూట్‌ది అయితే పోస్ట్‌ఫిక్స్ ఆ ప్రోగ్రాంని నోబడీ అనే ఖాతాతో నడుపుతుంది, అందుకే "నేను నడిపితే నడుస్తోంది, మెయిల్ వస్తే నడవడం లేదు" అనే ఫిర్యాదు వస్తుంది. ప్రోగ్రాం 75 అనే కోడ్‌తో ముగిస్తే మెయిల్ క్యూలో ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, మిగతా తప్పు కోడ్‌లకి ఎక్కువగా తిరుగుటపా పోతుంది.

జాగ్రత్త ఎందుకో చెప్పడానికి పాత సంగతి ఒకటి చాలు. ఒకప్పుడు యూనిక్స్ సిస్టమ్‌లు డీకోడ్ అనే అలియాస్‌తో వచ్చేవి. దానికి వచ్చిన మెయిల్‌ని యూయూడీకోడ్ అనే ప్రోగ్రాంకి (మెయిల్‌లో అక్షరాలుగా వచ్చినదాన్ని మళ్లీ ఫైలుగా మార్చేదానికి) ఇచ్చేది. బయటివాళ్లు ఒక మెయిల్ రాసి సర్వర్‌లో ఫైలు తయారుచేయించగలిగేవాళ్లు. తర్వాత దాన్ని తీసేశారు. పాత ఫైలుని కాపీ చేసుకుంటూ వచ్చిన సర్వర్ మీ చేతికి వస్తే నిలువు గీత ఉన్న ప్రతి వరుసనీ పట్టి చూడండి.

నోరిప్లై పేరుని /డెవ్/నల్‌కి (ఏది వేసినా మిగలని చోటికి) పంపి పారేయడం మామూలు అలవాటు. నాకు నచ్చదు. ఫీజు రసీదు వచ్చిన తండ్రి దానికే జవాబు రాసి సందేహం అడిగితే ఆ మాట ఎక్కడా మిగలదు, పోయిందని ఆయనకీ తెలియదు. దాన్ని కూడా ఎవరో ఒకరికి చేర్చండి.

తుపాను వస్తే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. సర్వర్ ఆఫీసులోనే ఉండి ఆగిపోతే వెంటనే కంగారు పడక్కర్లేదు. పంపే సర్వర్లు కనీసం నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలని ప్రమాణం చెబుతోంది, పోస్ట్‌ఫిక్స్ కూడా మామూలుగా ఐదు రోజులు ఆగుతుంది. సర్వర్ ఇంకెక్కడో డేటా సెంటర్‌లో ఉంటే కష్టం వేరే రకంగా వస్తుంది. మెయిల్ చేరుతూనే ఉంటుంది, చూసేవాళ్ల ఫోన్లకే సిగ్నల్ ఉండదు. అందుకే ముఖ్యమైన అలియాస్‌లలో రెండో పేరు వేరే ఊళ్లో ఉన్న మనిషిది అయితే మంచిది. విశాఖపట్నం ఒక్కటే నమ్ముకోవద్దు, 2014లో హుద్‌హుద్ అక్కడే తీరం దాటింది.

ఎవరైనా మానేసినప్పుడు

ఖాతా తీసేయడం చివరి పని. ముందు వాళ్ల పేరు ఏ అలియాస్‌లలో ఉందో గ్రెప్‌తో (ఫైళ్లలో మాట వెతికే కమాండుతో) వెతకండి. /ఈటీసీ/అలియాసెస్, వర్చువల్ పట్టిక, ఇన్‌క్లూడ్ ఫైళ్లు, అన్నీ. వాళ్ల హోమ్ డైరెక్టరీలో .ఫార్వర్డ్ అనే ఫైలు ఉందేమో కూడా చూడండి. ఉద్యోగులు తమ మెయిల్‌ని సొంతంగా మళ్లించుకునేది దాంతోనే, అలియాస్ ఫైల్లో దాని జాడ ఉండదు. పేరు తీసి కొత్తవాళ్ల పేరు రాసి, న్యూఅలియాసెస్ కొట్టి, పరీక్ష మెయిల్ పంపాక ఖాతా సంగతి చూడండి. ఖాతా ముందు తీసేస్తే ఆ పేరున్న ప్రతి అలియాస్ నుంచీ తిరుగుటపాలు మొదలవుతాయి.

వాళ్ల సొంత పేరుతో ఉన్న అడ్రసుని ఇంకొకరికి మళ్లించాలా? కొన్ని నెలలు మళ్లించి, వెళ్లినవాళ్లకి ఆ సంగతి ముందే చెప్పండి. ఇన్నేళ్లుగా వాళ్లకి ఇంటి విషయాలు, బ్యాంకు విషయాలు కూడా అదే అడ్రసుకి వచ్చి ఉంటాయి, వేరొకరు చదవడం న్యాయం కాదు. గడువు అయ్యాక అలియాస్ పూర్తిగా తీసేయండి. అప్పుడు రాసినవాళ్లకి 5.1.1 తిరిగి వస్తుంది, ఆ మనిషి అక్కడ లేరని వాళ్లకి తెలుస్తుంది.

ఆరు నెలలకొకసారి కూర్చుని ఫైలు మొత్తం పైనుంచి కిందికి చదవండి. ప్రతి వరుసకీ మొదటి పేరున్నవాళ్లకి ఫోన్ చేసి "ఈ అడ్రసుకి వచ్చేవి మీరు చూస్తున్నారా అండీ?" అని అడగండి. "అదేంటి, నాకు వస్తున్నాయా?" అని ఎవరన్నా అంటే ఆ వరుసని అప్పటికప్పుడు సరిచేసి, పైన తేదీ మార్చి, న్యూఅలియాసెస్ కొట్టండి.